ఫ్రీదా టీచరు గారి నలుగురు శిష్యులు

శుక్రవారం, మెక్సికో సిటీ

అమెరికా వీసా ఉన్న ఇండియన్ పాస్‌పోర్టుకి మెక్సికో వీసా విడిగా అక్కర్లేదని తెలిసిన మర్నాడే మా అమ్మాయి డల్లాస్ నుంచి టికెట్లు బుక్ చేసేసింది. విమానం ఎక్కి కాస్త కునుకు తీసేలోపు దిగిపోయాం. ఊరు సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తులో ఉంది. అరకు ఎత్తుకి రెట్టింపు పైనే అన్నమాట. హోటల్ మెట్లెక్కేసరికి నాకు ఆయాసం వచ్చింది. రిసెప్షన్‌లో కుర్రాడు నవ్వి మంచినీళ్ల సీసా ఇచ్చాడు.

"నాన్నా, అందరూ పిరమిడ్లు చూడ్డానికొస్తారు. నువ్వేంటి టీచర్ని చూడ్డానికొచ్చానంటావు?" అంది అమ్మాయి.

జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మా పీరియడ్ ఎప్పుడూ లెక్కల మాస్టారి దయాధర్మం మీద నడిచేది. సిలబస్ మిగిలిపోయిందంటే ముందు పోయేది డ్రాయింగే. అందుకని ప్రపంచంలో ఎక్కడైనా చిత్రకారుడు పాఠం చెప్పాడని వింటే ఆ పాఠం ఎలా చెప్పాడో తెలుసుకోవాలనిపిస్తుంది. మెక్సికో చిత్రకారిణి ఫ్రీదా కాలో అనగానే కలిసిన కనుబొమలు, జడలో పూలు, ఒంటినిండా బాధ గుర్తొస్తాయి అందరికీ. ఆవిడ 1943లో లా ఎస్మెరాల్దా అనే ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో టీచరుగా చేరిందనీ, చివరిదాకా నిలబడిన నలుగురు శిష్యుల్ని ఊరంతా "లోస్ ఫ్రీదోస్", అంటే ఫ్రీదా మనుషులు, అని పిలిచిందనీ చాలామందికి తెలియదు. ఆర్తురో గార్సియా బుస్తోస్, గియెర్మో మోన్రోయ్, ఆర్తురో ఎస్త్రాదా, ఫానీ రాబెల్. నేనొచ్చింది వీళ్ల జాడ పట్టుకుని.

శనివారం, నీలి ఇల్లు

కొయొవాకాన్ ఒకప్పుడు విడి ఊరు, ఇప్పుడు మహానగరంలో కలిసిపోయింది. లోంద్రెస్ వీధి, అయెందే వీధి కలిసే మూలన నీలి ఇల్లు. ఫ్రీదా ఉన్న ఇల్లు, ఇప్పుడు మ్యూజియం. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో, గంటతో సహా తీసుకోవాలి. గేటు దగ్గర దొరుకుతుందిలే అని వచ్చినవాళ్లు గోడ పక్కన ఫోటోలు దిగి వెనక్కి పోతున్నారు.

ఫ్రీదా 1907 జూలై 6న ఇక్కడే పుట్టింది, 1954 జూలై 13న ఇక్కడే పోయింది. ఆరేళ్లప్పుడు పోలియో. పద్దెనిమిదేళ్లప్పుడు, 1925 సెప్టెంబర్ 17న, ఎక్కిన బస్సుని ట్రామ్ గుద్దింది. వెన్ను, కటి, కాలు నుజ్జయ్యాయి. మంచం మీద పడుకుని ఉండగా తల్లి పైన అద్దం బిగించే ఏర్పాటు చేయించింది. ఆ మంచం, ఆ అద్దం ఇప్పటికీ ఉన్నాయి. జనం అక్కడే ఎక్కువసేపు నిలబడతారు. నేను మాత్రం పక్కన స్టూడియోలోని బల్ల దగ్గర ఆగిపోయాను. బుల్లి బుల్లి సీసాల్లో రంగు పొడులు, సన్నని కుంచెలు. వాటిలో కొన్నిటి మొన సూది మొనంతే ఉంది. తండ్రి గియెర్మో కాలో జర్మనీ నుంచి వచ్చి స్థిరపడిన ఫోటోగ్రాఫర్. ఆయన దగ్గర చిన్నప్పుడు ఫోటోలు రీటచ్ చేయడం నేర్చుకుంది. ఆ చేతివాటం పోలేదు. మెట్ల పక్క గోడ నిండా రేకుల మీద గీసిన మొక్కుబడి బొమ్మలు వేలాడుతున్నాయి. జబ్బు నయమైనందుకు, ప్రమాదం తప్పినందుకు దేవుడికో దేవతకో పల్లెజనం గీయించి ఇచ్చుకునేవి. ఫ్రీదా వాటిని పోగుచేసింది, తన బొమ్మలకీ ఆ రేకునీ ఆ కొలతనీ తీసుకుంది. 1946లో వేసిన గాయపడ్డ లేడి బొమ్మ 22 సెంటీమీటర్ల ఎత్తు, 30 సెంటీమీటర్ల వెడల్పు. మా పిల్లల డ్రాయింగ్ పుస్తకంలో పేజీ అంత.

ఈ కొలత గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

వంటింటి గోడ మీద వేలెడంత మట్టి ముంతలు అతికించి ఫ్రీదా, దియేగో అని పేర్లు రాశారు. చూస్తూ ఉంటే ఒక ముంత మిగతావాటికన్నా కొంచెం వంకరగా కనబడింది. భర్త దియేగో రివేరా అప్పటికే దేశం మెచ్చిన గోడబొమ్మల చిత్రకారుడు. 1929లో పెళ్లి, 1939లో విడాకులు, 1940లో మళ్లీ ఇద్దరికీ పెళ్లి. ఆ కథ జగమెరిగిందే, వదిలేస్తున్నాను.

తోటలోకి వచ్చాక కాళ్లు సాగలేదు. పాఠం జరిగింది ఇక్కడే. బడిలో చేరిన కొన్ని నెలలకే వెన్నునొప్పి ఎక్కువై ఊరి అవతలున్న బడికి వెళ్లలేకపోయింది. పిల్లల్నే ఇంటికి రమ్మంది. మొదట్లో చాలామంది వచ్చేవారట. దూరాభారం, ప్రయాణం. ఒక్కొక్కరే తగ్గి నలుగురు మిగిలారు. కోతులు, చిలకలు, నున్నని కుక్కలు, కాక్టస్ మొక్కల మధ్య ఈజిళ్లు వేసుకునేవారు. ఏది నచ్చితే అది గీసుకోండని చెప్పి లోపలికి పోయేదట. చాన్నాళ్లకొకసారి వచ్చి చూసి, అందరినీ కూర్చోబెట్టి ఒకరి బొమ్మ మీద ఒకర్ని మాట్లాడమనేది. పిల్లల కాన్వాసు మీద తన కుంచె పెట్టేది కాదు. నన్ను "నువ్వు" అనే పిలవండి అంది. మనకి ఊహకందని సంగతి, టీచర్ని నువ్వు అనడం!

ఒకసారి మైక్రోస్కోపు కింద జీవకణాల్ని, మొక్కల పొరల్ని చూపించింది. ఇంకోసారి బాష్, బ్రూగెల్ బొమ్మలున్న పుస్తకాలు. విట్మన్, మయకోవ్‌స్కీ కవిత్వం చదివి వినిపించేది. అన్నిటికన్నా ఎక్కువగా చెప్పింది మాత్రం ఒకటే: బయటికి పదండి. సంత, పేటలు, తియోతివాకాన్ శిథిలాలు, సోచిమిల్కో కాలవలు. మోడల్‌ని కుర్చీలో కూర్చోబెట్టి గీయించే అలవాటున్న బడికి ఇది కొత్త.

బయటికొచ్చే ముందు ఒక పాత ఫోటో సంగతి అమ్మాయికి చెప్పాను. 1947లో విజయలక్ష్మీ పండిట్ కూతుళ్లు నయనతార, రీటా ఈ ఇంటికి వచ్చినప్పుడు ఫ్రీదా చీర కట్టుకుని వాళ్లతో ఫోటో దిగింది. అమ్మాయి ఫోన్‌లో వెతికి తీసి చూపించింది. "కుచ్చిళ్లు బానే వచ్చాయి" అంది.

ఆదివారం, కల్లు దుకాణం మూల

లోంద్రెస్ వీధిలోనే నడుచుకుంటూ అగ్వాయో వీధి మూలకి వచ్చాం. ఇక్కడ లా రోసీతా అనే పుల్కెరియా ఉండేది. ఇప్పుడు లేదు. గుర్తుపట్టడానికేమీ లేదు, మామూలు మూల, కార్లు. కానీ నా మటుకు ఈ ప్రయాణంలో ముఖ్యమైన చోటు ఇదే.

పుల్కెరియా అంటే పుల్కే అమ్మే దుకాణం. పుల్కే మన కల్లుకి చుట్టమే, కాకపోతే చెట్టెక్కక్కర్లేదు. మన కిత్తనార జాతి మొక్క, మగేయ్, పెరిగి పూతకొచ్చేలోపు మొవ్వు నరికి, నడిమధ్య గుంత చేస్తారు. గుంతలో తియ్యటి నీరు ఊరుతుంది. దాన్ని రోజుకి రెండు పూటలా పొడవాటి ఎండు సొరకాయ బుర్రతో నోటితో పీల్చి తీస్తారు. తీసిన ప్రతిసారీ గుంత గోడని గీకాలి, లేకపోతే ఊట ఆగిపోతుంది. కొన్ని నెలలు ఇచ్చి మొక్క చచ్చిపోతుంది. నీరు ఒక్కరోజులో పులుస్తుంది. తెల్లగా, జిగటగా, నిలవకి పనికిరానిది. కొయొవాకాన్‌లోనే ఒక చోట గ్లాసుడు తాగాను. మొదటి గుక్క బాగాలేదు, మూడో గుక్క బాగుంది. జామపండు కలిపినది అమ్మాయికి నచ్చింది.

పాతరోజుల్లో ఈ దుకాణాల గోడల నిండా బొమ్మలుండేవి. పేరులేని పెయింటర్లు వేసేవాళ్లు. 1940ల నాటికి ఆ అలవాటు దాదాపు అంతరించింది. ఫ్రీదా తన శిష్యుల్ని తీసుకొచ్చి, లా రోసీతా గోడ మీద వెయ్యండి అంది. దియేగో, ఆవిడా వచ్చి చూస్తుండేవారు. పిల్లలు నూనె రంగులతో వేశారు. గులాబీలు, చిన్నపిల్ల, పచ్చిక బయళ్లు, పుల్కే తాగే జనం. 1943 జూన్ 19న ప్రారంభోత్సవం. కరపత్రాలు పంచారు, పాటలు కట్టి పాడారు, వీధి వీధంతా వచ్చింది. ఆ రోజు దుకాణం ముందు నిలబడ్డ పుల్కే రాయుళ్లు ఆ బొమ్మల గురించి ఏమనుకున్నారో ఊహించుకుంటూ కాసేపు అక్కడే ఉన్నాను. గ్యాలరీలో ఎవరూ తిట్టరు. కల్లు దుకాణం దగ్గర ముక్కు వంకరగా ఉంటే వంకర అని మొహం మీదే చెప్తారు. ఇరవై ఏళ్లు నిండీ నిండని కుర్రాడికి అంతకన్నా మంచి పరీక్షాధికారి ఎక్కడ దొరుకుతాడు?

డ్రాయింగ్ పుస్తకం పేజీ అంత రేకుల మీద తన ముఖాన్ని తనే గీసుకున్న మనిషి, శిష్యుల్ని వీధి గోడల మీదికి తోలింది. తను మాత్రం గోడబొమ్మ వెయ్యలేదు. ఇనుప పట్టీలు, ప్లాస్టర్ కవచాలు వేసుకున్న వెన్నుతో నిచ్చెన ఎక్కి గంటలు గంటలు నిలబడటం అయ్యే పని కాదు. తనకి కుదరనిది వాళ్లకి ఇచ్చింది అనొచ్చు. నేనలా అనుకోను. తన దారి తన ఒంటి నుంచి పుట్టిందని, అది వాళ్లకి అతకదని ఆవిడకి తెలుసు.

మధ్యాహ్నం మార్కెట్లో తోస్తాదాలు తిన్నాం. కరకరలాడే మొక్కజొన్న రొట్టె మీద కోడి కూర, పైన పుల్లటి క్రీము. కారం తెచ్చిపెడితే "ఇది మనకి ఏం కారం" అని ఎక్కువ వేసుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది అమ్మాయి. అబనేరో మిరపని చిన్నచూపు చూడకూడదు.

సాయంత్రం ఇగేరా వీధిలో ఎర్రటి పాత ఇల్లు బయటినుంచే చూశాం. స్పెయిన్ దండయాత్ర కాలంలో కొర్తేస్‌కి దుబాసిగా ఉన్న మలించే ఉండేదని జనం చెప్పుకునే ఇల్లు. తర్వాత ఆ ఇంట్లోనే గార్సియా బుస్తోస్, ఆయన భార్య రీనా లాసో బొమ్మలు వేసుకుంటూ బతికారు. ఆయన 2017లో, ఆవిడ 2019లో పోయారు.

సోమవారం, మెట్రో

సోమవారం మ్యూజియాలు మూత. మెట్రో స్టేషన్లకి సెలవు లేదు. అయిదు పెసోల ఛార్జీతో మూడో లైన్ చివరి స్టేషన్ యూనివర్సిదాద్‌లో దిగాం. గోడల మీద గార్సియా బుస్తోస్ 1989లో వేసిన పెద్ద చిత్రం, ఇరవై ఒకటో శతాబ్దం గుమ్మంలో విశ్వవిద్యాలయం అని. ప్రాచీన కాలపు విద్య నుంచి ఈనాటి విద్యార్థుల దాకా అందరూ ఉన్నారు.

ఉన్నమాట చెప్పాలంటే, బొమ్మ నాకు అంతగా ఎక్కలేదు. చెప్పాల్సిన చరిత్రంతా ఒకే గోడ మీద చెప్పేయాలన్న తొందర కనిపిస్తుంది. దియేగో ప్రభావం ఎక్కువ. ఫ్రీదా ఛాయ వెతికితే ఒక్కచోటా దొరకలేదు. కనుబొమలు లేవు, ముళ్ల హారం లేదు, నెత్తురు లేదు. టీచరుగా ఆవిడకి ఇంతకన్నా సర్టిఫికెట్ ఏముంటుంది! మన దగ్గర పేరున్న గురువు శిష్యుల ఎగ్జిబిషన్‌కి వెళ్తే సంతకం చూస్తే తప్ప ఎవరిదేదో తెలియని సందర్భాలు ఎన్ని చూడలేదు.

పది నిమిషాలు నిలబడి చూశాను. ఒక్కరూ తలెత్తలేదు. బ్యాగులు, ఇయర్‌ఫోన్లు, పరుగులు. ఒక కుర్రాడు బొమ్మలోని మనిషి పాదాల దగ్గర గోడకి ఆనుకుని శాండ్‌విచ్ తిన్నాడు. బడి నుంచి బయటికి పదండి అన్నావిడ చూసి ఉంటే సంతోషించేదేమో.

అక్కడి నుంచి లా ఎస్మెరాల్దా. గెర్రెరో పేటలో అదే పేరున్న సందులో ఉండేది ఆ బడి. 1994 నుంచి త్లాల్పాన్ రోడ్డు పక్కన జాతీయ కళల కేంద్రం ఆవరణలో ఉంది. చెట్ల కింద పిల్లలు నేలమీద కూర్చుని స్కెచ్‌బుక్కుల్లో గీసుకుంటున్నారు. ఆర్తురో ఎస్త్రాదా ఇదే బడిలో చదివి, ఇక్కడే పాఠాలు చెప్పి, డైరెక్టరూ అయ్యాడు.

మంగళవారం, చపుల్తెపెక్

ఆధునిక కళల మ్యూజియంలో "ఇద్దరు ఫ్రీదాలు". 1939. నాలుగు వైపులా 173 సెంటీమీటర్లు, ఆవిడ బొమ్మల్లో ఇంత పెద్దది అరుదు. లేసు గౌనులో ఒకరు, పల్లె దుస్తుల్లో ఒకరు, చేయీ చేయీ పట్టుకుని కూర్చున్నారు. ఇద్దరి గుండెలూ బయటికి కనబడతాయి, మధ్యలో నరం. గౌను వేసుకున్నావిడ చేతిలో శస్త్రచికిత్స కత్తెర, ఒళ్లో నెత్తుటి చుక్కలు. కుడివైపున్నావిడ చేతిలో ఏదో గుండ్రటిది. తాడు దాటకుండా ఎంత ముందుకి వంగొచ్చో అంతా వంగి చూశాను. బొటనవేలి గోరంత చట్రంలో చిన్నప్పటి దియేగో. రీటచింగ్ కుంచె పని అక్కడ తెలుస్తుంది. గార్డు దగ్గాడు, వెనక్కి జరిగాను.

రోడ్డు దాటితే మానవ శాస్త్ర మ్యూజియం. నలుగురిలో ఒక్కతే ఆడపిల్ల ఫానీ రాబెల్ ఈ మ్యూజియం కోసం 1960ల మధ్యలో ఒక గోడబొమ్మ వేసింది. ఇతివృత్తం పిల్లలు. పోలండ్‌లో పుట్టిన యూదుల అమ్మాయి, తల్లిదండ్రులు ఊరూరా తిరిగే నాటకాలవాళ్లు. మెక్సికోకి వచ్చిపడి, ఫ్రీదా తోటలో తేలింది. జీవితాంతం పిల్లల్ని, బీదవాళ్లని, ఉక్కిరిబిక్కిరయ్యే ఈ నగరాన్ని గీసింది. నలుగురిలో నాకు దగ్గరగా అనిపించింది ఈవిడే.

మాయా గది వెనక తోటలో బోనంపాక్ గుడి నమూనా ఉంది. చియాపాస్ అడవిలో ఎనిమిదో శతాబ్దం చివర్లో మాయా చిత్రకారులు వేసిన గోడబొమ్మలు. వాటికి ఇక్కడ నకలు తీసింది రీనా లాసో. లోపల చీకటి, ఒకేసారి కొద్దిమందే పడతారు. బాకాలు ఊదేవాళ్లు, బందీలు, నెత్తురు కారుతున్న వేళ్లు. నకలు తీయడాన్ని నేను తక్కువగా చూడను. చూసి గీయడం వేరు, చూడకుండా నమూనాని వల్లెవేయడం వేరు. మా డ్రాయింగ్ లోయర్ పరీక్షల్లో రెండోదానికే మార్కులెక్కువ పడేవి.

బుధవారం, సెంత్రో

విద్యాశాఖ పాత భవనం. దియేగో 1923 నుంచి 1928 దాకా ఇక్కడ రెండొందలకు పైగా ప్యానెళ్లు వేశాడు. 2024 నుంచి ఇది గోడబొమ్మల మ్యూజియం. పై అంతస్తులో ఎర్రచొక్కా వేసుకుని తుపాకులు పంచుతున్న అమ్మాయి ఫ్రీదా. 1928 నాటి బొమ్మ, అప్పటికి పెళ్లి కాలేదు.

అదే అంతస్తులో మనవాడొకడున్నాడు. "మన రొట్టె" అనే ప్యానెల్లో బల్ల చుట్టూ ఉన్నవాళ్లలో పాండురంగ్ ఖాన్‌ఖోజె. వార్ధాలో పుట్టి, గదర్ పార్టీ తొలి రోజుల్లో పనిచేసి, బ్రిటిష్ వాళ్లకి దొరక్కుండా దేశాలు పట్టి తిరిగి, ఇక్కడ చపింగో వ్యవసాయ కళాశాలలో టీచరయ్యాడు. మొక్కజొన్నలో కొత్త సంకర రకాల మీద పనిచేశాడు. చపింగో ప్రార్థనామందిరంలోనూ దియేగో బొమ్మలున్నాయి, ఆ పరిచయం అక్కడిదే కావచ్చు. స్వాతంత్ర్యం వచ్చాక ఇండియా తిరిగొచ్చి నాగపూర్‌లో పోయాడు. అమ్మాయి ఆ ప్యానెల్‌ని నాలుగైదు కోణాల్లో ఫోటోలు తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. మా బావమరిది వెంటనే, "ఎవరు, తెలుగువాడా?" అని అడిగాడు. కాదురా అని చెప్పాల్సొచ్చింది.

అక్కడి నుంచి నడిచి బెయాస్ ఆర్తెస్ భవనానికి. తెల్లటి పాలరాయి, లోపల మళ్లీ గోడబొమ్మలు. 1954 జూలైలో ఫ్రీదా శవపేటికని ఈ హాల్లోనే ఉంచారు. రాజకీయాలు వద్దని జాతీయ లలితకళల సంస్థ డైరెక్టర్ ఆంద్రెస్ ఇదువార్తే దియేగో దగ్గర ముందే మాట తీసుకున్నాడు. జనం మధ్యలోంచి గార్సియా బుస్తోస్ ముందుకొచ్చి, సుత్తీ కొడవలీ ఉన్న ఎర్రజెండాని పేటిక మీద కప్పాడు. తీయించమని ఎంత అడిగినా దియేగో ఒప్పుకోలేదు. మాజీ అధ్యక్షుడు లాసారో కార్దెనాస్ కూడా పేటిక పక్కన నిలబడ్డాడు. జెండా అలాగే ఉంది. ఇదువార్తే ఉద్యోగం ఊడింది. అతను సాహిత్యం తెలిసిన మంచి మనిషి, పైగా ఫ్రీదాకి చదువుకునే రోజుల్లో పరిచయం. ఈ కథ చెప్పేటప్పుడు అతని మీద జాలిపడేవాళ్లు తక్కువ. నాకు మాత్రం పడాలనిపించింది.

మెట్ల మీద కూర్చుని ఇదంతా అమ్మాయికి చెప్పాను. కాసేపు ఆలోచించి, "మరి నీ శిష్యులు నీకేం కప్పుతారు నాన్నా?" అంది.

"కప్పేశారుగా, రిటైర్మెంట్ రోజున. శాలువా."

"అది మీ అందరికీ కప్పుతారు."

"లెక్కల మాస్టారికి రెండు కప్పారు" అన్నాను.